4.4 సాకెట్ ఉన్న డెస్క్‌టాప్ ఆంప్ రివ్యూ: బ్యాలెన్స్‌డ్‌లో సరుకెంత, మాటలెంత

ముందే చెప్పేస్తున్నా, ఈ హెడ్‌ఫోన్ ఆంప్ (ఆంప్లిఫయర్) బాగుంది, నాకు పేచీ ఉన్నదల్లా దాని అట్టపెట్టె మీద రాసిన మాటలతోనే. "ఫుల్లీ బ్యాలెన్స్‌డ్" అని పెద్ద అక్షరాలు, దాని కింద స్టేజ్ (పాట మన చుట్టూ ఎంత వెడల్పుగా పరుచుకున్నట్టు వినిపిస్తుందో అది) విశాలంగా ఉంటుందనీ, వాయిద్యాలు దేనికది విడిగా వినిపిస్తాయనీ, వెనకాల నిశ్శబ్దం చిక్కగా ఉంటుందనీ ఇంకో నాలుగు లైన్లు. మోడల్ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇది ఒక్క కంపెనీ సంగతి కాదు. ముందు వైపు మామూలు 6.35 మిల్లీమీటర్ల జాక్, పక్కన బ్యాలెన్స్‌డ్‌వి రెండు, 4.4 మిల్లీమీటర్ల జాక్, 4 పిన్ ఎక్స్‌ఎల్‌ఆర్, వెనక మామూలు ఆర్‌సీఏ, బ్యాలెన్స్‌డ్ ఎక్స్‌ఎల్‌ఆర్ ఇన్‌పుట్‌లు, సిగ్నల్‌ని ఎంత పెంచాలో ఎంచుకునే ఒక గెయిన్ స్విచ్, ఒక పెద్ద నాబ్, ఇలాంటి డబ్బాలు ఇప్పుడు కుప్పలు కుప్పలుగా ఉన్నాయి, లోపల సర్క్యూట్ కూడా అటూ ఇటూగా ఒకటే పద్ధతి. కాబట్టి ఇక్కడ రాసిందాంట్లో చాలావరకు మీ దగ్గరున్న దానికి కూడా పనికొస్తుంది.

దీంతో నేను వాడింది మూడు. ఒకటి సెన్‌హైజర్ హెచ్‌డీ 600, 300 ఓమ్‌లది. దీని కేబుల్ ఊడొస్తుంది, రెండు కప్పులకీ వైర్లు విడివిడిగా వెళ్తాయి, అందుకని కేబుల్ మారిస్తే చాలు బ్యాలెన్స్‌డ్‌లో వాడుకోవచ్చు, హెడ్‌ఫోన్ విప్పే పనే లేదు. రెండోది ఒక మొండి ప్లానార్ (పల్చటి పొర కదిలి పలికే రకం హెడ్‌ఫోన్), 50 ఓమ్‌లు, మిల్లీవాట్‌కి 83 డీబీ (డెసిబెల్) మాత్రమే ఇచ్చే రకం, చిన్నాచితకా ఆంప్‌లకి లొంగదు. మూడోది బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ అనే రకం డ్రైవర్లున్న (డ్రైవర్ అంటే శబ్దం పుట్టించే భాగం) ఐఈఎమ్, అంటే చెవిలోకి దూర్చుకునే ఇయర్‌ఫోన్, కొంచెం కరెంట్ తగిలినా చాలు పలికేస్తుంది. (ఆ ఆర్మేచర్‌కి ముందున్న బ్యాలెన్స్‌డ్‌కీ మనం మాట్లాడుకునే బ్యాలెన్స్‌డ్‌కీ ఏ చుట్టరికమూ లేదు, చాలామంది కలిపేస్తున్నారు కాబట్టి చెప్తున్నా.)

సరే, అసలు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. సింగిల్ ఎండెడ్ అంటే చెవికి ఒక ఆంప్. డ్రైవర్‌కి ఒక వైపు ఆంప్ అవుట్‌పుట్ తగులుతుంది, రెండో వైపు గ్రౌండ్‌కి వెళ్లిపోతుంది. ప్లగ్‌లో మూడే ముక్కలు, ఎడమ, కుడి, ఇద్దరికీ ఉమ్మడిగా గ్రౌండ్. బ్యాలెన్స్‌డ్‌లో చెవికి రెండు ఆంప్‌లు, మొత్తం నాలుగు. డ్రైవర్‌కి అటు వైపు ఒకటి, ఇటు వైపు ఇంకొకటి, ఒకటి పైకి వెళ్తుంటే రెండోది అంతే కిందకి వెళ్తుంది, రంపాన్ని ఇద్దరు చెరో వైపు పట్టుకుని కోసినట్టు, ఒకడు లాగుతుంటే రెండోవాడు తోస్తాడు. డ్రైవర్ మీద పడే వోల్టేజ్ డబుల్ అవుతుంది, అంటే 6 డీబీ ఎక్కువ. వోల్టేజ్ డబుల్ అయితే పవర్ లెక్క ప్రకారం నాలుగింతలు, అదీ ఆంప్‌లో అంత కరెంట్ ఇచ్చే సత్తా ఉంటేనే. దీన్నే బ్రిడ్జ్ చేయడం అంటారు, కొత్తదేం కాదు. కార్ స్టీరియోల్లో ఎప్పట్నుంచో ఉంది, కార్ బ్యాటరీ మీద ఇంజిన్ నడుస్తుంటే వచ్చేది ఓ 14.4 వోల్ట్‌లు, దాంతో మామూలు పద్ధతిలో 4 ఓమ్‌ల స్పీకర్‌కి లెక్కప్రకారం ఆరున్నర వాట్లు దాటదు, అదే బ్రిడ్జ్ చేస్తే 26 దాకా పోతుంది, అందుకే ఆ చిప్‌లన్నీ బ్రిడ్జ్‌వే. కానీ కార్ స్టీరియోని బ్యాలెన్స్‌డ్ ఆడియో అని అమ్మినవాణ్ణి నేనైతే చూడలేదు.

ఇక్కడే మొదటి మెలిక. ఇలాంటి చాలా డబ్బాల్లో 6.35 జాక్‌కి వచ్చేది నాలుగు ఆంప్‌లలో రెండు మాత్రమే, ప్లస్ వైపున్న రెండూ పని చేస్తాయి, మైనస్ వైపున్నవి ఊరికే కూర్చుంటాయి. నా దాని మూత తీసి చూస్తే ఒకే రకం ఆంప్ సెక్షన్లు నాలుగు వరసగా ఉన్నాయి, 6.35 జాక్‌కి వాటిలో రెండింటి నుంచే దారి ఉంది. అంటే ఒకే డబ్బాలో ఈ జాక్‌కీ ఆ జాక్‌కీ మార్చి మార్చి విని "బ్యాలెన్స్‌డ్ గొప్ప" అంటే, సగం ఆంప్‌ని మొత్తం ఆంప్‌తో పోల్చినట్టే కదా. అది రెండు సర్క్యూట్ పద్ధతుల మధ్య పోటీ కాదు. నాలుగు ఆంప్‌లకి పెట్టిన ఖర్చూ జాగా రెండింటికే పెట్టి ఒక మంచి సింగిల్ ఎండెడ్ చేస్తే ఎలా ఉంటుంది అనేది అసలు ప్రశ్న, దానికి జవాబు ఈ ఒక్క డబ్బాలో దొరకదు.

రెండో మెలిక వాల్యూమ్. నాబ్ కదపకుండా కేబుల్ ఒక్కటే 6.35 నుంచి తీసి 4.4లో పెట్టారనుకోండి, సౌండ్ ఠక్కున 6 డీబీ పెరుగుతుంది. 6 డీబీ అంటే మామూలు తేడా కాదు, ఎవరికైనా తెలుస్తుంది, కానీ అర డీబీ, ఒక డీబీ తేడా ఉన్నప్పుడు మనకి అది "సౌండ్ ఎక్కువుంది" అని అనిపించదు, "క్లియర్‌గా ఉంది, బేస్ బిగువుగా ఉంది" అనిపిస్తుంది, మన చెవుల తీరే అంత. నాబ్‌ని చేత్తో అటూ ఇటూ తిప్పి సరిపెట్టుకుంటే అర డీబీ తేడా ఎక్కడో ఒక చోట మిగిలిపోతుంది. పైగా వెనక ఇన్‌పుట్ కూడా మార్చారనుకోండి, డాక్‌లలో (డిజిటల్ పాటని ఆంప్‌కి ఇచ్చే సిగ్నల్‌గా మార్చేవి) ఆర్‌సీఏ నుంచి మామూలుగా 2 వోల్ట్‌లు వస్తే ఎక్స్‌ఎల్‌ఆర్ నుంచి 4 వస్తాయి, అది ఇంకో 6 డీబీ. వెనకా ముందూ రెండూ కలిపి 12 డీబీ దాకా తేడా! "మొత్తం బ్యాలెన్స్‌డ్ చైన్ పెట్టగానే హెడ్‌ఫోన్‌కి ప్రాణం లేచొచ్చింది" అనే రివ్యూలు చదివినప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది ఈ 12 డీబీయే.

అందుకని నేను చేసింది ఇది. 4.4 ప్లగ్ ఉన్న ఒకే కేబుల్ పెట్టుకుని, దానికి 4.4 నుంచి 6.35కి మార్చే అడాప్టర్ తగిలించాను, కేబుల్ మారితే మళ్లీ అదొక గొడవ కాబట్టి. 200 హెర్ట్జ్ టోన్ పెట్టి, హెడ్‌ఫోన్ తగిలించే ఉంచి, మల్టీమీటర్‌ని ఏసీలో పెట్టి వోల్టేజ్ చూశాను. 1 కిలోహెర్ట్జ్ ఎందుకు కాదంటే మామూలు మల్టీమీటర్లు కరెంట్ లైన్ ఫ్రీక్వెన్సీ చుట్టుపక్కలైతే సరిగ్గా చూపిస్తాయి, పైకి పోయేకొద్దీ కొన్ని తప్పు చెప్తాయి. బ్యాలెన్స్‌డ్ వైపు కొలిచేటప్పుడు మీటర్ వైర్లు రెండూ ప్లస్, మైనస్‌ల మీదే పెట్టాలి, ఒకటి డబ్బా బాడీకి పెడితే సగమే చూపిస్తుంది. ఇలా రెండు వైపులా వోల్టేజ్ సరిపెట్టి, ఎటు ప్లగ్ ఉందో నాకు కనపడకుండా ఇంట్లో వాళ్లతో మార్పించి విన్నాను. హెచ్‌డీ 600 మీద నేను మామూలుగా వినే సౌండ్‌లో ఏది ఏదో పట్టుకోలేకపోయాను. స్టేజ్ పెరగలేదు, తరగలేదు. హెచ్‌డీ 600 స్టేజ్ మొదట్నుంచీ కొంచెం ఇరుకే, ఆంప్ మారిస్తే అది ఎక్కడికీ పోదు.

ఎందుకు పోదో లెక్కలో కూడా తెలుస్తుంది. స్టేజ్ కథ అంతా నిలబడేది క్రాస్‌టాక్ మీద, అంటే ఎడమ సౌండ్ కుడిలోకి కారడం. సింగిల్ ఎండెడ్‌లో రెండు చెవుల కరెంటూ ఉమ్మడి గ్రౌండ్ వైర్‌లోంచే వెనక్కి వస్తుంది కాబట్టి, ఆ వైర్‌కున్న కాస్త రెసిస్టెన్స్ మీద ఎడమవాడి కరెంట్ ఒక చిన్న వోల్టేజ్ పుట్టిస్తుంది, అది కుడివాడికి వినపడుతుంది. ఇది నిజమే, కట్టుకథ కాదు. ఎంత అంటే, ఉమ్మడి దారిలో 0.1 ఓమ్ ఉందనుకుంటే 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కి దాదాపు మైనస్ 50 డీబీ, 300 ఓమ్‌ల హెచ్‌డీ 600కి దాదాపు మైనస్ 70. గ్రామఫోన్ రికార్డు వినేవాళ్లకి కార్ట్రిడ్జ్‌లో దొరికే సెపరేషన్ 25, 30 డీబీ చుట్టుపక్కలే, వాళ్లెవరూ స్టేజ్ లేదని ఏడవట్లేదు, పైగా వాళ్లే స్టేజ్ గురించి ఎక్కువ మాట్లాడతారు. సన్నటి వైరున్న చౌక ఇయర్‌ఫోన్‌లో ఉమ్మడి రెసిస్టెన్స్ ఒక ఓమ్ దాకా పోతే మాత్రం మైనస్ 30కి వచ్చేస్తుంది, అప్పుడు పట్టించుకోవాల్సిందే. కానీ దానికి మందు నాలుగు వైర్ల కేబుల్, నాలుగు ఆంప్‌లు కాదు. రెండు చెవుల గ్రౌండ్‌లనీ ప్లగ్ దాకా విడివిడిగా తెచ్చి అక్కడ కలిపితే చాలావరకు పని అయిపోతుంది.

ఇదే ఆలోచనతో చేసిన ఆంప్ కూడా ఉంది. బెంచ్‌మార్క్ వాళ్ల హెచ్‌పీఏ4 మీద 4 పిన్ ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్ ఉంటుంది, చూసినవాళ్లు బ్యాలెన్స్‌డ్ అనుకుంటారు, కానీ లోపల బ్రిడ్జ్ లేదు, చెవికి ఒక్కటే ఆంప్, ఎడమకీ కుడికీ గ్రౌండ్ పిన్ మాత్రం వేరు వేరు. ఆ కంపెనీ బ్రిడ్జ్ చేస్తే నాయిస్, డిస్టార్షన్, అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (ఆంప్ లోపలి నుంచి కరెంట్‌కి వచ్చే అడ్డు) పెరుగుతాయి తప్ప లాభం లేదని బాహాటంగానే వాదిస్తుంది. ఇంకో ఉదాహరణ పాస్ ల్యాబ్స్. పెద్ద పవర్ ఆంప్‌లలో బ్యాలెన్స్‌డ్ సర్క్యూట్‌లకి పేరు మోసిన కంపెనీ, పేటెంట్ కూడా ఉంది, అలాంటివాళ్లు హెచ్‌పీఏ-1 అని హెడ్‌ఫోన్ ఆంప్ చేస్తే దానికి పెట్టింది ఒక్క 6.35 జాక్, అంతే. సాకెట్ చూసి లోపలి సర్క్యూట్‌ని అంచనా వేయడం ఎంత పనికిరాని పనో ఈ రెండూ చూస్తే తెలుస్తుంది.

ఇక నాయిస్. ఇదే ఈ ఆంప్‌లో నాకు చిరాకు తెప్పించిన విషయం. ఐఈఎమ్‌ని 4.4లో పెట్టి, పాట ఆపి, గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు వింటే సన్నగా స్‌స్‌స్ అని వినిపిస్తుంది. నాబ్‌ని పూర్తిగా తగ్గించినా అది తగ్గదు, అంటే నాయిస్ వచ్చేది వాల్యూమ్ తర్వాత ఉన్న ఆంప్‌ల నుంచి. అదే ఐఈఎమ్‌ని 6.35లో పెడితే ఇంచుమించు ఏమీ లేదు. కారణం సింపుల్, ఒక ఆంప్ ఉన్న చోట రెండున్నాయి, రెండింటి నాయిస్‌కీ ఒకదానితో ఒకటి సంబంధం ఉండదు కాబట్టి కలిస్తే 3 డీబీ పెరుగుతుంది. స్పెక్ షీట్‌లో మాత్రం బ్యాలెన్స్‌డ్ వైపు ఎస్‌ఎన్‌ఆర్ (సిగ్నల్‌కీ నాయిస్‌కీ మధ్య తేడా) 3 డీబీ ఎక్కువ అని రాస్తారు, అదీ అబద్ధం కాదు, గరిష్ఠ సిగ్నల్ 6 పెరిగి నాయిస్ 3 పెరిగితే తేడా 3 మిగులుతుంది. కానీ ఆ లెక్క ఆంప్ ఫుల్ వాల్యూమ్‌లో ఉన్నప్పటిది. ఆ వాల్యూమ్‌లో ఐఈఎమ్ వింటే తర్వాత నాయిస్ గురించి బాధపడే చెవులు మిగలవు.

ఐఈఎమ్‌ల దగ్గరే ఇంకోటి, అవుట్‌పుట్ ఇంపెడెన్స్. కరెంట్ రెండు ఆంప్‌ల గుండా పోతుంది కాబట్టి రెండింటి ఇంపెడెన్స్ కలుస్తుంది, డబుల్. మంచి ఆంప్‌లో ఒక్కోటి 0.1 ఓమ్ అయితే డబుల్ అయినా 0.2, ఎవడికీ తెలియదు. కానీ ఒక్కోటి 1 ఓమ్ ఉన్న డిజైన్ అయితే 2 అవుతుంది. ఆర్మేచర్ ఐఈఎమ్‌ల ఇంపెడెన్స్ ఒక ఫ్రీక్వెన్సీలో 8 ఓమ్‌లు, ఇంకో ఫ్రీక్వెన్సీలో 40 ఓమ్‌లు ఇలా ఎగుడుదిగుడుగా ఉంటుంది, అలాంటి దానికి 1 ఓమ్ దగ్గర ఈ రెండు చోట్ల మధ్య తేడా 0.8 డీబీ వస్తే, 2 ఓమ్‌ల దగ్గర ఒకటిన్నర డీబీ వస్తుంది. ఇది చెవికి తెలిసే తేడానే. చాలామంది "బ్యాలెన్స్‌డ్‌లో ట్రెబుల్ మారింది, క్యారెక్టరే వేరు" అని చెప్పేదాంట్లో కొంత నిజంగా ఇదే కావచ్చు, మారింది ఈక్వలైజేషన్ అన్నమాట, క్వాలిటీ కాదు.

డిస్టార్షన్ గురించి కూడా ఒక మాట. రెండు ఆంప్‌లు అచ్చం ఒకేలా ఉంటే, 2వ, 4వ హార్మోనిక్ (అసలు స్వరానికి రెండింతలు, నాలుగింతల ఫ్రీక్వెన్సీలో పుట్టే అదనపు స్వరం) లాంటి సరి హార్మోనిక్‌లు రెండు వైపులా ఒకేలా పుట్టి డ్రైవర్ దగ్గర రద్దయిపోతాయి. బేసివి, అంటే 3, 5 అలాంటివి రద్దవవు, అలాగే ఉంటాయి. ఫీడ్‌బ్యాక్ తక్కువున్న, పార్ట్‌లు కొన్నే ఉన్న క్లాస్ ఏ డిజైన్‌లలో ఇది పెద్ద లాభమే, సర్క్యూట్ చేసేవాళ్లు దీన్ని ఇష్టపడటానికి కారణం ఉంది. కానీ ఇప్పుడొచ్చే ఆప్‌ఆంప్ చిప్‌ల ఆధారంగా చేసిన డబ్బాల్లో డిస్టార్షన్ మొదటే మైనస్ 110 డీబీ కింద ఉంటుంటే అందులో సగం రద్దయితే ఎంత, మొత్తం రద్దయితే ఎంత. అన్నట్టు సింగిల్ ఎండెడ్ అనే మాటకి ట్యూబ్ ఆంప్‌ల వాళ్లు ఇంకో అర్థం వాడతారు, వాళ్లకి అది పుష్‌పుల్ కాకుండా ఒకే ట్యూబ్‌తో నడిచే క్లాస్ ఏ స్టేజ్. రెండో హార్మోనిక్ తియ్యగా ఉంటుందని చెప్పేది దాని గురించి. 6.35 జాక్ ఉన్న ప్రతి ఆంప్‌కీ ఆ తీపి ఉంటుందనుకుని కొంటే నిరాశే.

మరి బ్యాలెన్స్‌డ్ ఎక్కడ పనికొచ్చింది? ప్లానార్ మీద. లెక్క చూడండి, 50 ఓమ్‌లు, మిల్లీవాట్‌కి 83 డీబీ అంటే 110 డీబీ పీక్ రావాలంటే అర వాట్ కావాలి, అంటే 5 వోల్ట్‌లు, 100 మిల్లీఆంపియర్లు. 115 కావాలంటే ఒకటిన్నర వాట్ దాటి, దాదాపు 9 వోల్ట్‌లు. ప్లస్ మైనస్ 15 వోల్ట్‌ల సప్లై ఉన్న ఆంప్ సింగిల్ ఎండెడ్‌లో ఇవ్వగలిగింది అటూ ఇటూగా ఆ 9 వోల్ట్‌లే, అంటే సరిగ్గా అంచు మీద నడవడం. బ్యాలెన్స్‌డ్‌లో 18 దాకా ఉంటుంది, సగం కూడా వాడం. నా దాంట్లో ఈ ప్లానార్‌ని 6.35లో పెట్టి, సౌండ్ తక్కువగా రికార్డ్ చేసిన ఆర్కెస్ట్రా పీస్ పెడితే నాబ్ చివరి దాకా పోయింది, గట్టిగా వచ్చే చోట్ల డ్రమ్ దెబ్బ మెత్తబడింది. 4.4లో నాబ్ సగంలోనే సరిపోయింది, దెబ్బ దెబ్బలా పడింది. ఇది నిజమైన తేడా, దీనికి కారణం మాత్రం వోల్టేజే. హెచ్‌డీ 600కి అదే 110 డీబీకి కావాల్సింది 20 మిల్లీవాట్లు, రెండున్నర వోల్ట్‌లు. అంచుకి ఎంత దూరంలో ఉందో చూడండి, అందుకే దాని మీద ఏ తేడా వినపడలేదు. 300 ఓమ్‌లు అనగానే భయపడి పెద్ద బ్యాలెన్స్‌డ్ ఆంప్ కొనేవాళ్లున్నారు, వోల్టేజ్ కావాలి గానీ అంత కూడా అక్కర్లేదు. 2011లో ఎన్‌డబ్ల్యూఏవీగై అనే మారుపేరుతో ఒకాయన డిజైన్ చేసి అందరికీ ఇచ్చేసిన ఓ2 ఆంప్, పక్కా సింగిల్ ఎండెడ్, రెండు 9 వోల్ట్‌ల బ్యాటరీల మీద కూడా నడుస్తుంది, కరెంట్‌కి తగిలిస్తే 7 వోల్ట్‌ల దాకా ఇస్తుంది, ఇంపెడెన్స్ 0.54 ఓమ్. హెచ్‌డీ 600కి అది చాలు.

బ్యాలెన్స్‌డ్‌కి అసలు సిసలు జాగా నా లెక్కలో డెస్క్‌టాప్ కాదు, జేబులో పెట్టుకునే డాంగిల్, అంటే ఫోన్‌కి తగిలించే బుల్లి డాక్. యూఎస్‌బీ నుంచి వచ్చేది 5 వోల్ట్‌లు, అందులో ఎంత పిండినా డాక్ చిప్ 2 వోల్ట్‌లు ఇస్తుంది. సీఎస్43131 లాంటి చిప్ ఒకటి పెడితే 2, రెండు పెట్టి బ్రిడ్జ్ చేస్తే 4. అక్కడ ఆ 6 డీబీ తెచ్చుకోవడానికి ఇంత సులువైన దారి ఇంకోటి లేదు, మామూలు 3.5 జాక్‌లో ఊపిరాడని హెడ్‌ఫోన్ 4.4లో హాయిగా పాడుతుంది. డెస్క్‌టాప్ ఆంప్‌కి ఆ ఇబ్బంది లేదు కదా, సప్లై వోల్టేజ్ పెంచుకోవచ్చు, పెద్ద ట్రాన్సిస్టర్లు పెట్టుకోవచ్చు. 4.4 జాక్ కూడా జపాన్‌వాళ్లు స్టాండర్డ్ చేసింది పోర్టబుల్స్‌ని దృష్టిలో పెట్టుకునే. అంతకుముందు బ్యాలెన్స్‌డ్‌కి వాడిన 2.5 ప్లగ్ సన్నగా పుల్లలా ఉండి ఎప్పుడు విరుగుతుందో తెలిసేది కాదు, ఆ విషయంలో 4.4కి దండం పెట్టొచ్చు, గట్టిగా కూర్చుంటుంది, ఐదు కాంటాక్ట్‌లు, తిప్పినా గరగర రాదు.

ఈ ఆంప్‌లో నాకు అన్నిటికంటే ముందు చెప్పాలనిపించే మంచి విషయం ముందు వైపు లేదు, వెనక ఉంది. ఎక్స్‌ఎల్‌ఆర్ ఇన్‌పుట్. నా డాక్ కంప్యూటర్‌కి యూఎస్‌బీతో తగిలించి ఉంటుంది, ఆర్‌సీఏతో ఆంప్‌కి పెట్టినప్పుడు గేమ్ ఏదైనా ఓపెన్ చేస్తే గ్రాఫిక్ కార్డ్ పని మొదలెట్టగానే జీ... అని ఒక శబ్దం, మౌస్ కదిపితే దాంతోపాటు కదిలేది. ఎక్స్‌ఎల్‌ఆర్‌కి మార్చగానే పోయింది, మొత్తానికి పోయింది. ఇది గ్రౌండ్ లూప్, రెండు డబ్బాల గ్రౌండ్‌ల మధ్య తేడా ఆర్‌సీఏలో సిగ్నల్‌తో కలిసిపోతుంది, ఎక్స్‌ఎల్‌ఆర్‌లో అందుకునే వైపు రెండు వైర్ల మధ్య తేడాని మాత్రమే తీసుకుంటుంది కాబట్టి రెండింటిలోనూ ఒకేలా ఉన్న చెత్త కొట్టుకుపోతుంది. స్టూడియోల్లో మైక్ కేబుల్స్ మీటర్ల కొద్దీ లాగినా హమ్ రాకపోవడానికి కారణం ఇదే. బ్యాలెన్స్‌డ్ అనే పేరుకి అసలు గౌరవం వచ్చింది ఇక్కడ. హెడ్‌ఫోన్ వైపు ఆ గొడవే లేదు, మీటరో రెండు మీటర్లో వైరు, అవతల కరెంట్ తాగే డ్రైవర్, అందులోకి బయటి నుంచి నాయిస్ దూరి వినపడటం అనేది జరిగే పని కాదు. మరి ముందు జాక్ అమ్మడానికి వెనక జాక్ మంచితనాన్ని వాడుకుంటున్నారు, అదీ నా కంప్లైంట్.

మిగతావి చకచకా. వాల్యూమ్ నాబ్ నాలుగు గ్యాంగ్‌ల పొటెన్షియోమీటర్, అంటే ఒకే నాబ్‌కి కట్టిన నాలుగు వాల్యూమ్ కంట్రోల్‌లు, బ్యాలెన్స్‌డ్ సిగ్నల్‌కి నాలుగూ ఒకేలా తిరగాలి, తిరగవు. నాబ్ మొదట్లో ఉన్నప్పుడు ఎడమ వైపు కొంచెం ఎక్కువ పలుకుతుంది, తొమ్మిది గంటల స్థానం దాటాక సర్దుకుంటుంది. తమాషా ఏంటంటే బ్యాలెన్స్‌డ్‌లో 6 డీబీ ఎక్కువ కాబట్టి నాబ్ ఇంకా తక్కువలో ఉంచాలి, అంటే సరిగ్గా పాడుగా ఉన్న చోటే వాడాల్సి వస్తుంది, ఐఈఎమ్‌కి మరీ. రిలేలతో మెట్లు మెట్లుగా మారే వాల్యూమ్ ఉన్న డబ్బాల్లో ఈ బాధ ఉండదు. వేడి మాత్రం బాగానే ఎక్కుతుంది, ఆంప్‌లు నాలుగు కదా, 6.35 ఒక్కటే వాడుతున్నా నాలుగూ వెలుగుతూనే ఉంటాయి, దాని మీద డాక్ పెట్టకండి. ఆన్ చేసినప్పుడు రిలే టిక్కుమని కాసేపాగి కలుపుతుంది, చెవిలో దబ్బుమనే శబ్దం రాదు, ఇది బాగా చేశారు.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. బ్యాలెన్స్‌డ్ కేబుల్‌ని అడాప్టర్‌తో 6.35లో పెట్టుకోవచ్చు, ఏం కాదు. తిరగేసి మాత్రం చేయకండి, అంటే మామూలు మూడు ముక్కల ప్లగ్‌ని ఏదో అడాప్టర్‌తో 4.4లోకో ఎక్స్‌ఎల్‌ఆర్‌లోకో దూర్చడం. మామూలు ప్లగ్‌లో ఎడమ, కుడి మైనస్‌లు రెండూ ఒక్కటే, ఇక్కడ అవి రెండు వేర్వేరు ఆంప్‌ల అవుట్‌పుట్‌లు, కలిపితే ఒకదాన్నొకటి షార్ట్ చేసుకుంటాయి. ప్రొటెక్షన్ ఉంటే ఆగిపోతుంది, లేకపోతే ఆంప్ పోతుంది. 4.4కి ఐదో కాంటాక్ట్‌లో గ్రౌండ్ ఉండొచ్చు, దాన్ని వాడుకుని మైనస్‌లని వదిలేసే అడాప్టర్లు కూడా ఉన్నాయి, కానీ మీ ఆంప్ ఆ ఐదో దానికి గ్రౌండ్ తగిలించిందో లేదో మాన్యువల్ చూడకుండా నమ్మొద్దు. 6.35 జాక్ పక్కనే ఉండగా ఆ సాహసం ఎందుకో నాకైతే అర్థం కాదు.

కొనాలా వద్దా అంటే, మొండి ప్లానార్ ఉంటే కొనొచ్చు, దానికి పవర్ పుష్కలంగా ఉంది, కంప్యూటర్ పక్కన పెట్టి జీ... శబ్దంతో విసిగిపోయినవాళ్లు కూడా ఎక్స్‌ఎల్‌ఆర్ ఇన్‌పుట్ కోసం కొనొచ్చు. హెచ్‌డీ 600 లాంటిది ఒక్కటే ఉంటే దీని ధరలో సగం కూడా లేని చిన్న సింగిల్ ఎండెడ్ ఆంప్ తీసుకుని, మిగిలింది ఇంకో హెడ్‌ఫోన్‌కి పెట్టుకోండి, అక్కడ వినపడే తేడా ఏ జాక్‌లోనూ దొరకదు. ఐఈఎమ్‌లు మాత్రమే వాడేవాళ్లకి ఇది వద్దు. నా దాంట్లో ఇప్పుడు ప్లానార్ 4.4లో హై గెయిన్‌లో ఉంది, హెచ్‌డీ 600 పాత కేబుల్‌తోనే 6.35లో లో గెయిన్‌లో నడుస్తోంది, ఐఈఎమ్ ఫోన్‌కున్న డాంగిల్‌కి వెళ్లిపోయింది.